కొలంబియా కూలాక: ఏడుగురి మరణం, ఎన్నో రకాల దుఃఖం

మనవైపు చావింటికి పరామర్శకు వెళ్లినవాళ్లు కూర్చోగానే అడిగే మొదటి మాట, "ఎలా జరిగింది?" ఇంటివాళ్లు వచ్చిన ప్రతివాళ్లకూ మొదట్నించీ చెప్పుకొస్తారు. రాత్రి ఎన్నింటికి నొప్పి మొదలైంది, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్లారు, డాక్టరు ఏమన్నాడు. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ ఆ వరస కావాలి. 2003 ఫిబ్రవరి 1న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా టెక్సస్ ఆకాశంలో ముక్కలై, అందులోని ఏడుగురూ చనిపోయినప్పుడు లోకమంతా ఇదే ప్రశ్న అడిగింది. జవాబు చెప్పగలవాళ్లు మాత్రం అప్పటికి ఎవరూ లేరు. నౌక ఎందుకు కూలిందో తేల్చడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది. లోపలివాళ్లు ఎలా చనిపోయారో ప్రజలకు చెప్పడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. ఆ ఖాళీలోకి పూలు, ప్రార్థనలు, పుకార్లు, కోపం, జాతీయ గర్వం అన్నీ వచ్చి చేరాయి. ఒక్క దుఃఖంగా కనిపించిన దాంట్లో నిజానికి చాలా దుఃఖాలున్నాయి, ఒక్కోటి ఒక్కో దారిన నడిచింది. వాటిని విడదీసి చూస్తే తప్ప ఆనాటి స్పందనలు అర్థం కావు.

సాయంత్రం ఏడున్నర

పదహారు రోజుల శాస్త్ర ప్రయోగాల యాత్ర అది. కమాండర్ రిక్ హస్బెండ్, పైలట్ విలియం మెకూల్, మైకేల్ ఆండర్సన్, కల్పనా చావ్లా, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రామోన్. ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రంలో అక్కడి కాలమానం ప్రకారం ఉదయం 9.16కు దిగాలి. మనకు అది రాత్రి 7.46. హర్యానాలోని కర్నాల్‌లో కల్పన చదివిన టాగోర్ బాల్ నికేతన్ బడిలో పిల్లలు వేడుకకు చేరుకున్నారు. ఫ్లోరిడాలో కుటుంబాలు రన్‌వే పక్కన ఎదురుచూస్తున్నాయి.

హ్యూస్టన్ నియంత్రణ కేంద్రంలో మొదటి తేడా ఫ్లోరిడా కాలమానం ప్రకారం 8.54కు కనిపించింది. ఎడమ రెక్కలోని హైడ్రాలిక్ వ్యవస్థ (ద్రవ పీడనంతో భాగాలను కదిపేది) ఉష్ణోగ్రత సెన్సర్లు ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి. తర్వాత ఎడమవైపు టైర్ల పీడనం రీడింగులు పోయాయి. 8.59 గంటల 32 సెకన్లకు హస్బెండ్ "రోజర్" అని మొదలుపెట్టిన మాట మధ్యలో తెగింది. 9 గంటలు దాటగానే, సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి పద్దెనిమిది రెట్ల వేగంతో పోతున్న నౌక విచ్ఛిన్నమైంది.

హ్యూస్టన్‌కు ఆ సంగతి వెంటనే తెలియలేదు. రేడియోలో "కొలంబియా, హ్యూస్టన్" అని పిలుస్తూనే ఉన్నారు. డ్యూటీలో లేని ఒక ఉద్యోగి టీవీలో ఆకాశాన పాయలు పాయలుగా విడిపోతున్న పొగచారలు చూసి ఫోన్ చేశాకే గదిలో అందరికీ అర్థమైంది. 9.12 ప్రాంతంలో ఫ్లైట్ డైరెక్టర్ లెరాయ్ కెయిన్ తలుపులు వేసేయమన్నాడు.

ఆ ఆదేశాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. ఏదో దాచిపెట్టడానికే తలుపులు మూశారనే అనుమానం ఇప్పటికీ వినిపిస్తుంది. నిజానికి అది ముందే రాసిపెట్టుకున్న నిబంధన. తలుపులు మూశాక ఎవరూ బయటకు పోకూడదు, బయటకు ఫోన్ చేయకూడదు, తెరమీద ఉన్న డేటాను, చేతిరాత నోట్లను ఉన్నవున్నట్టు భద్రపరచాలి. "ఎలా జరిగింది?" అనే ప్రశ్నకు జవాబు అక్కణ్నుంచే మొదలవుతుంది. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఆ గదిలోవాళ్లు లాగ్ పుస్తకాలు పూర్తిచేశారు. ఆ రోజు జరిగిన అత్యంత మానవీయమైన పనుల్లో అదీ ఒకటి.

కుటుంబాల సంగతి వేరు. ప్రతి వ్యోమగామి కుటుంబానికీ తోడుగా ఉండేందుకు ఒక సహ వ్యోమగామిని ముందే నియమిస్తారు. ఆ కుటుంబాలను రన్‌వే దగ్గర్నుంచి విడిదికి తీసుకెళ్లి అక్కడ చెప్పారు. అధ్యక్షుడు బుష్ ముందు వాళ్లతో ఫోన్లో మాట్లాడి, మధ్యాహ్నం 2 దాటాక, అంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు, కొలంబియా లేదనీ ప్రాణాలతో ఎవరూ మిగల్లేదనీ దేశానికి చెప్పారు. వరస ఇలా కుటుంబాలతో మొదలుకావాలనే నియమం ఉన్నా, టీవీ అంతకంటే వేగంగా పరిగెత్తింది. వేడుకకు వచ్చిన కర్నాల్ పిల్లలు మాత్రం ఏ తోడూ, ఏ సన్నాహమూ లేకుండానే ఆ వార్త విన్నారు.

అపరిచితుల కోసం ఎందుకు ఏడుస్తాం

రోడ్డు ప్రమాదాల్లో రోజూ ఎందరో పోతుంటే ఈ ఏడుగురి కోసమే ఇంత బాధ ఎందుకు అని కొందరు అప్పుడే అడిగారు. ప్రశ్నలో న్యాయం ఉంది, జవాబూ ఉంది. రెండు వారాలుగా ఈ ఏడుగురి ముఖాలు టీవీల్లో, పత్రికల్లో కనిపిస్తున్నాయి. వాళ్ల నవ్వులు, బరువులేని స్థితిలో వాళ్ల పల్టీలు చూశాం. పేర్లు తెలుసు, ఊళ్లు తెలుసు, పిల్లలెందరో తెలుసు. పైగా వాళ్లు వెళ్లింది దేశం పేరున. అలా తెలిసిన మనిషి పోయినప్పుడు వచ్చే బాధ నిజమైన బాధే. దానికి పరిచయం అక్కర్లేదు.

దీన్ని లోతుగా చూపిన అధ్యయనాలు అంతకు పదిహేడేళ్ల ముందు జరిగిన ఛాలెంజర్ ప్రమాదం మీద వచ్చాయి. 1986 జనవరి 28న అమెరికాదే మరో అంతరిక్ష నౌక ఛాలెంజర్ నింగికెగసిన 73 సెకన్లకు ముక్కలైంది. క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ అందులో ఉంది కాబట్టి నాసా ప్రత్యేకంగా బడులకు ప్రత్యక్ష ప్రసారం ఏర్పాటు చేసింది. ఆ టీచరు పనిచేసిన కాంకర్డ్ ఊరి పిల్లలు అది కళ్లారా చూశారు. మనస్తత్వ వైద్యురాలు లెనోర్ టెర్ బృందం ఆ పిల్లలనూ, దూరాన కాలిఫోర్నియాలో తర్వాత విన్న పిల్లలనూ పోల్చి చూసింది. ప్రత్యక్షంగా చూసిన, ఆ టీచరుతో అనుబంధం ఉన్న పిల్లల్లో భయాలు, పీడకలలు, ఒంటరిగా ఉండలేకపోవడం ఎక్కువగా కనిపించాయి. పద్నాలుగు నెలలకు చాలావరకు తగ్గాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో అవే దృశ్యాలు గంటల తరబడి తిప్పితిప్పి చూపే టీవీని కట్టేయమని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

ఇంకో అధ్యయనం జ్ఞాపకం గురించి. ఎమరీ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ ఛాలెంజర్ ప్రమాదం మర్నాడే విద్యార్థులతో ఒక కాగితం రాయించుకున్నారు: వార్త ఎక్కడ విన్నావు, ఎవరు చెప్పారు, అప్పుడేం చేస్తున్నావు. రెండున్నరేళ్లు దాటాక అందులో 44 మందిని మళ్లీ అవే అడిగారు. పూర్తిగా సరిగ్గా చెప్పింది ముగ్గురు. నాలుగోవంతు మంది చెప్పిన ముఖ్యమైన సంగతులన్నీ తప్పే. అయినా చాలామందికి తమ జ్ఞాపకం మీద గట్టి నమ్మకం. సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. పెద్ద విషాదాలప్పుడు "నాకు నిన్నటిలా గుర్తుంది" అని మనం చెప్పుకునేవాటిలో టీవీలో తర్వాత చూసినవి, ఎవరో చెప్పినవి కలిసిపోతాయి. ఇందులో అబద్ధమాడటం లేదు. కాకపోతే విచారణ జరిపేవాళ్లు అందరి జ్ఞాపకాలనూ మొదటి రోజే ఎందుకు రాయించుకుంటారో దీనివల్ల తెలుస్తుంది.

టెక్సస్ అడవుల్లో

నా దృష్టిలో కొలంబియా దుఃఖానికి అసలు కేంద్రం హ్యూస్టన్ గేటు ముందు పేరుకుపోయిన పూలగుత్తుల దగ్గర లేదు, వాషింగ్టన్ చర్చిలోనూ లేదు. తూర్పు టెక్సస్‌లోని హెంఫిల్, నాకోడోచెస్, లఫ్కిన్ లాంటి చిన్న ఊళ్లలో ఉంది.

శనివారం ఉదయం, టెక్సస్ కాలమానం ప్రకారం ఎనిమిదింటికి, అక్కడ ఇళ్లు అదిరాయి, చాలాసేపు ఉరుము లాంటి మోత. తర్వాత పొలాల్లో, రోడ్ల మీద, పైన్ అడవుల్లో శకలాలు. మొదటి హెచ్చరిక: దేన్నీ ముట్టుకోవద్దు. నౌకను తిప్పే చిన్న ఇంజిన్లలో వాడే మోనోమిథైల్ హైడ్రజీన్, నైట్రోజన్ టెట్రాక్సైడ్ పీలిస్తే ప్రమాదం, చర్మానికి తగిలినా ప్రమాదం. ట్యాంకు ముక్కల్లో అవి మిగిలి ఉండొచ్చు. ఏ ముక్క ఎక్కడ పడిందో తెలియాలి కాబట్టి కదిలించకూడదనేది రెండో కారణం. పడిన చోటును బట్టే గాల్లో ఏది ముందు ఊడిందో లెక్కగడతారు. మంచి మనసుతోనే ఎవరైనా ముక్క తెచ్చి పోలీస్ స్టేషన్లో ఇచ్చినా, ఎక్కడ దొరికిందో చెప్పలేకపోతే సాక్ష్యంలో సగం పోయినట్టే.

కొన్ని గంటల్లోనే వేలం వెబ్‌సైట్లలో "కొలంబియా ముక్కలు" అమ్మకానికి పెట్టినవాళ్లూ ఉన్నారు. సైట్లు వాటిని తొలగించాయి. దొరికినవి తిరిగి ఇచ్చేస్తే కేసులుండవని ప్రభుత్వం కొద్ది రోజుల గడువిచ్చింది. ఈ సంగతికి పత్రికలు ఇచ్చినంత చోటు నేనివ్వను. అటువైపు నిలిచింది కొద్దిమంది, ఇటువైపు వేలమంది.

వెతుకులాటలో 25,000 మందికి పైగా పాల్గొన్నారు. వందకు పైగా సంస్థలు కలిసి పనిచేశాయి. ఎక్కువ భాగం అడవి మంటలార్పే సిబ్బంది. దేశం నలుమూలల నుంచి, అమెరికా మూలవాసీ తెగల నుంచి కూడా వచ్చారు. కొద్ది అడుగుల ఎడంతో వరసగా నిలబడి, ముళ్లపొదలు, బురద, చలివానల్లో నడుస్తూ సుమారు 6.8 లక్షల ఎకరాలు గాలించారు. వరస చెదరకుండా నడవడమే ఆ పనిలో కష్టం. పొద ముందు ఒకరు పక్కకు తప్పుకుంటే అక్కడో ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోనే కావలసిన ముక్క ఉండొచ్చు. హెంఫిల్‌లో ఊరివాళ్లు మాజీ సైనికుల హాల్లో వారాల తరబడి మూడు పూటలా వండిపెట్టారు. వ్యోమగాముల అవశేషాలు దొరికిన ప్రతిచోటా పని ఆపి, ప్రార్థన చేసి, గౌరవంగా సాగనంపారు. రెండు వారాలు తిరక్కుండానే ఏడుగురివీ దొరికాయి. ఎవరి అవశేషాలు ఎక్కడ దొరికాయో, ఏ స్థితిలో ఉన్నాయో ఆ ఊళ్లవాళ్లు పత్రికలకు ఎక్కించలేదు. మరణించినవాళ్ల పట్ల ఇంతకంటే పెద్ద మర్యాద ఉంటుందా!

మార్చి 19న హెంఫిల్ దగ్గర ఒక పెట్టె దొరికింది. షటిళ్లు, అంటే మళ్లీ మళ్లీ ఎగిరే ఈ రకం నౌకలు, అన్నింటిలోకీ పాతదైన కొలంబియాలో మాత్రమే ఉన్న రికార్డరు అది. తొలి పరీక్షల కాలం నాటిది, వందలాది సెన్సర్ల కొలతలు అయస్కాంత టేపు మీద రాసుకునేది. అంత ఎత్తునుంచి పడ్డా టేపు చెడలేదు. ఎడమ రెక్క ముందంచు వెనక వేడి ఎప్పుడు మొదలైందో అందులో ఉంది: 8.48 దాటాక, అంటే హ్యూస్టన్‌లో మొదటి తేడా కనిపించడానికి అయిదారు నిమిషాల ముందే.

మొత్తం 84,000 ముక్కలు, సుమారు 38,500 కిలోలు, నౌక బరువులో 38 శాతం దొరికాయి. వాటిని ఫ్లోరిడాలో ఒక హ్యాంగర్ నేలమీద నౌక ఆకారం గీసి, ఏ ముక్క ఎక్కడిదో అక్కడ పేర్చారు. ఆ పని చేసినవాళ్లలో చాలామంది అంతకుముందు ఏళ్లపాటు అదే నౌకను ప్రయాణానికి సిద్ధం చేసిన సాంకేతిక నిపుణులు. తాము బిగించిన పలకను తామే కాలిన ముక్కగా గుర్తుపట్టారు.

నురుగు ముక్క, ఏడు వందల అరవై గ్రాములు

ఇక కారణం. జనవరి 16న నింగికెగసిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకును షటిల్‌తో కలిపే చోట చల్లదనం కోసం వేసిన గట్టి నురుగు ఊడి ఎడమ రెక్క ముందంచుకు తగిలింది. బరువు సుమారు 760 గ్రాములు. నురుగు తేలిక కదా అని అందరికీ అనిపించింది. కాని ఊడగానే గాలి దాన్ని ఆపేసినంత పని చేసింది, వెనకాల రెక్క మాత్రం దూసుకొచ్చింది. రెండింటి మధ్య వేగం గంటకు 800 కిలోమీటర్లకు అటూఇటుగా తేలింది. రెక్క ముందంచులో ఉండే కార్బన్ పలక వేడిని అద్భుతంగా తట్టుకుంటుంది, దెబ్బను తట్టుకోదు. అక్కడ చిల్లు పడింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ చిల్లులోంచి వేలాది డిగ్రీల వాయువు రెక్కలోకి దూరి లోపలి అల్యూమినియం దూలాన్ని కరిగించింది.

ఈ జవాబు దగ్గరికి చేరే దారి సాఫీగా సాగలేదు. షటిల్ కార్యక్రమ అధిపతి రాన్ డిటెమోర్ రోజూ విలేకరుల ముందుకొచ్చి, తెలిసినదంతా దాచకుండా చెప్పాడు. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. ఆ నిజాయితీకి దేశం కదిలింది. అయితే ఫిబ్రవరి 5న ఆయనే, నురుగు ముక్క వల్ల ఇంత జరిగిందంటే నమ్మశక్యంగా లేదన్నాడు. తర్వాత అది తప్పని తేలింది. దుఃఖంలో ఉన్న జనం రోజుకో జవాబు కోరతారు, అధికారి ఇవ్వాలనుకుంటాడు, సాక్ష్యం ఇంకా అడవిలో పడి ఉంటుంది. తొలి వారంలో "ఇది కారణం కాదు" అని ఎవరన్నా తొందరపాటే.

జులై 7న శాన్ ఆంటోనియోలోని పరిశోధన సంస్థలో అంతే బరువున్న నురుగు ముక్కను గ్యాస్ తుపాకీతో అసలు పలక మీదకు పేల్చారు. రమారమి 40 సెంటీమీటర్ల చదరపు రంధ్రం పడింది. చూస్తున్నవాళ్ల నోట మాట రాలేదు. అప్పటిదాకా సాగిన వాదం అక్కడితో ముగిసింది.

అడ్మిరల్ హెరాల్డ్ గెమాన్ అధ్యక్షతన విచారణ బోర్డు ఆగస్టు 26న నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి నురుగు ఎంత కారణమో నాసా పని సంస్కృతీ అంతే కారణమంది. నురుగు ఊడటం కొత్త కాదు. 2002 అక్టోబరులో మరో షటిల్ అట్లాంటిస్ ప్రయాణంలోనూ అదే చోట ఊడింది. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నారు. కొలంబియా కక్ష్యలో ఉండగా ఇంజినీర్లు రెక్కను నిఘా ఉపగ్రహాలతో ఫొటో తీయించమని మూడుసార్లు వేర్వేరు దారుల్లో ప్రయత్నించారు, అది జరగలేదు. ఛాలెంజర్ విచారణలోనూ సభ్యురాలైన వ్యోమగామి శాలీ రైడ్ ఈ బోర్డులోనూ ఉంది. రెండు ప్రమాదాల్లోనూ ఒకే పోలికలు కనిపించాయని ఆమె గుర్తించింది. కోపం న్యాయమైనది కావాలంటే అది ఈ వివరాల మీద నిలబడాలి.

ఎందుకంటే కోపానికి వేరే తిండి కూడా దొరికింది. "వాళ్లు చనిపోతారని నాసాకు ముందే తెలుసు, చెప్పకుండా దాచింది" అనే మాట తెలుగు సామాజిక మాధ్యమాల్లోనూ ఇప్పటికీ తిరుగుతోంది. జరిగింది ఇది: జనవరి 23న హ్యూస్టన్ నుంచి కమాండరుకూ పైలట్‌కూ ఈమెయిల్ వెళ్లింది. నురుగు తగిలిందనీ, తిరుగు ప్రయాణానికి ఆందోళన అక్కర్లేదనీ అందులో ఉంది. దాచలేదు, తప్పుగా అంచనా వేశారు. మరణించినవారి తల్లిదండ్రులకు ఈ రెండింటి మధ్య తేడా తక్కువగా తోచవచ్చు. దిద్దుబాటుకు మాత్రం ఆ తేడాయే ఆధారం. 2013లో నాసా మాజీ అధికారి వేన్ హేల్ తన రాతలో, యాత్ర సాగుతున్నప్పుడు ఒక సహోద్యోగి ఊహగా అన్న మాటను గుర్తుచేశాడు: బాగుచేయలేని దెబ్బ అయితే వాళ్లకు చెప్పకపోవడమే మేలేమో అని. పత్రికలు ఆ ఊహను నిర్ణయంగా మార్చేశాయి, పుకారు మళ్లీ ప్రాణం పోసుకుంది.

కాపాడగలిగేవాళ్లా? బోర్డు దీన్నీ పరిశీలించింది. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలను పొదుపుగా వాడితే ఫిబ్రవరి 15 దాకా బతకగలిగేవారు. అట్లాంటిస్‌ను రాత్రింబవళ్లు పనిచేసి, పరీక్షలేవీ మానకుండా, ఫిబ్రవరి 10కి పంపగలిగేవారు. యాత్ర తొలి వారంలోనే చిల్లు సంగతి తెలిసి ఉంటే ఇది సాధ్యమే, ప్రమాదకరమే. అదే నురుగు అట్లాంటిస్‌నూ తగలొచ్చు. ఫొటో తీయించకపోవడం ఎందుకంత పెద్ద తప్పో ఈ ఐదు రోజుల ఎడం చెబుతుంది.

ఈమెయిళ్లలో తిరిగిన ఫొటోల గురించి కూడా ఒక మాట. "ఇజ్రాయెల్ ఉపగ్రహం తీసిన కొలంబియా పేలుడు" అన్నవి ఒక హాలీవుడ్ సినిమా దృశ్యాలు. "కొలంబియా నుంచి చివరి చిత్రం" అంటూ యూరప్, ఆఫ్రికాల మీద రాత్రి పడుతున్నట్టు చూపేది కంప్యూటర్లో కూర్చిన బొమ్మ. ఇవి పంపినవాళ్లలో ఎక్కువమంది బాధతోనే పంపి ఉంటారు.

మూడు దేశాల ఏడుపు

అమెరికాకు అలవాటైన క్రమం ఉంది: జెండాలు సగానికి దించడం, ఫిబ్రవరి 4న హ్యూస్టన్‌లో సంస్మరణ, 6న వాషింగ్టన్‌లో మరొకటి. ఆండర్సన్, బ్రౌన్, క్లార్క్‌లను ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు.

ఇజ్రాయెల్‌లో రామోన్ మరణం మరో లోతున తగిలింది. ఆయన తల్లి ఆష్‌విట్జ్ నుంచి బతికి బయటపడింది. అక్కడే హత్యకు గురైన పీటర్ గింజ్ అనే బాలుడు చంద్రుడి మీంచి భూమిని ఊహించి గీసిన బొమ్మ ప్రతిని రామోన్ వెంట తీసుకెళ్లాడు. ఉగ్రదాడులతో కుంగిన రోజుల్లో ఆ దేశానికి దొరికిన ఏకైక సంతోష వార్త ఆ యాత్ర. నహలాల్‌లో సైనిక గౌరవాలతో సమాధి చేశారు. ఆయన కక్ష్యలో రాసుకున్న డైరీ కాగితాలు కొన్ని టెక్సస్ పొలంలో తడిసి, చిరిగి దొరికాయి. జెరూసలేంలో నిపుణులు నెలల తరబడి శ్రమించి అక్షరాలు బయటకు తీశారు. పూర్తిగా వ్యక్తిగతమైన భాగాన్ని కుటుంబం ప్రదర్శనకు ఇవ్వలేదు. సరైన పనే.

కల్పన విషయంలో మనం ఆమెను మన ఆడపడుచుగా ఏడ్చాం. కర్నాల్‌లో పుట్టి, చండీగఢ్‌లో ఇంజినీరింగ్ చదివి, 1980ల్లో అమెరికా వెళ్లి, అక్కడి పౌరురాలై, 1994లో వ్యోమగామిగా ఎంపికైంది. 1997లో ఇదే కొలంబియాలో మొదటిసారి ఎగిరింది. చదివిన బడిని మరవలేదు, అక్కడి పిల్లలు ఏటా నాసాకు వచ్చే ఏర్పాటు చేసింది. ఆమె మన దేశపు వ్యోమగామి కాదు కదా అని అప్పట్లో వాదించినవాళ్లున్నారు. పౌరసత్వం ఏ దేశానిదైనా దుఃఖానికి అడ్డు రాదు. అలాగని ఆమె తానెంచుకున్న జీవితాన్ని పక్కకు నెట్టి, మనకు కావలసిన బొమ్మను నిలబెట్టుకోవడమూ తగదు. తన కోరిక ప్రకారం ఆమె చితాభస్మాన్ని అమెరికాలోని యూటా రాష్ట్రంలో, జియోన్ జాతీయవనంలో చల్లారు.

భారత ప్రభుత్వ స్పందనకు తెలుగు నేలతో ముడి ఉంది. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ4 మోసుకెళ్లిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కు ప్రధాని వాజపేయి 2003 ఫిబ్రవరి 5న కల్పన-1 అని పేరు పెట్టారు. తర్వాత పదేళ్లకు పైగా మన టీవీల్లో కనిపించిన మేఘాల చిత్రాలు, బంగాళాఖాతం తుపానుల చిత్రాల్లో ఎన్నో దాని కన్ను చూసినవే. విగ్రహం కంటే ఇది నాకు గొప్ప జ్ఞాపకంగా తోస్తుంది, రోజూ పనికొచ్చింది కాబట్టి.

ఎవరికి కన్నీళ్లు దక్కలేదు

కొలంబియా శకలాలు వెతుకుతూ 2003 మార్చి 27న హెలికాప్టర్ కూలి ఇద్దరు చనిపోయారు. 1981 మార్చిలో, తొలి ప్రయాణానికి ముందు, ఇదే కొలంబియా వెనక భాగంలో నైట్రోజన్ నిండి ఉందని తెలియక లోపలికి వెళ్లిన కార్మికులు ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్నారు. గెమాన్ నివేదికకు నాలుగు రోజుల ముందు, 2003 ఆగస్టు 22న, బ్రెజిల్‌లోని ఆల్కాంతరాలో లాంచ్‌ప్యాడ్ మీదే రాకెట్ అంటుకుని 21 మంది చనిపోయారు. మరుసటి ఏడు, 2004 ఫిబ్రవరి 23న, మన శ్రీహరికోటలోనే ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు బలయ్యారు. కల్పన పేరు తెలియని తెలుగు పిల్లలు అరుదు. ఆ ఆరుగురి గురించి ఎన్ని బడుల్లో చెప్పాం?

సోవియట్ యూనియన్‌లో ఇంకా అన్యాయం. 1961 మార్చిలో శిక్షణలో, ఆక్సిజన్ నిండిన గదిలో కాలి చనిపోయిన వ్యోమగామి అభ్యర్థి వలెంతిన్ బొండారెంకో సంగతి 1986 దాకా లోకానికి చెప్పలేదు. కుటుంబం పాతికేళ్లు బహిరంగంగా ఏడవలేకపోయింది. చెప్పి ఉంటే, ఆక్సిజన్ నిండిన క్యాబిన్‌లో మంట ఎంత వేగంగా పాకుతుందో మిగతా దేశాలకూ తెలిసేది. 1967 జనవరి 27న అమెరికా నౌక అపోలో-1లో ముగ్గురు అలాంటి మంటలోనే పోయారు.

ఆరేళ్ల తర్వాతి నివేదిక

2008 డిసెంబరు 30న నాసా మరో నివేదిక విడుదల చేసింది. ఏడుగురూ చివరి క్షణాల్లో ఏమయ్యారు, సీట్లు, బెల్టులు, సూట్లు ఎలా పనిచేశాయి అనేదే విషయం. పండుగ దాటాక, పిల్లలకు బడి లేని రోజుల్లో ఇంట్లోనే ఉండి వినేలా విడుదల చేయమని కుటుంబాలు కోరాయి, నాసా ఆగింది. నౌక అదుపు తప్పాక సుమారు 40 సెకన్లు వాళ్లకు ఏదో జరుగుతోందని తెలిసింది. మెకూల్ హైడ్రాలిక్ వ్యవస్థను తిరిగి లేపడానికి మీటలు కదిపిన ఆనవాళ్లు దొరికాయి. క్యాబిన్‌లో గాలి పీడనం ఒక్కసారిగా పోయి స్పృహ తప్పారు. కొందరు చేతితొడుగులు వేసుకోలేదు, ఒకరు హెల్మెట్ పెట్టుకోలేదు, ఎవరూ ముఖకవచం దించలేదు. దించినా బతికేవాళ్లు కాదు. పైశరీరాన్ని పట్టి ఉంచాల్సిన బెల్టు రీళ్లు లాక్ కాలేదు.

చదవడానికి గుండె కావాలి. కాని తర్వాతి నౌకల సీట్లు, బెల్టులు, సూట్లు ఎలా ఉండాలో ఈ వివరాలే నేర్పాయి. ఛాలెంజర్ శకలాలను పాత క్షిపణి గోతుల్లో మూసిపెట్టిన నాసా, కొలంబియా శకలాలను కెనెడీ కేంద్రంలో భద్రపరిచి పరిశోధకులకు అరువిస్తోంది. ఏటా జనవరి చివర్లో అపోలో-1, ఛాలెంజర్, కొలంబియా మృతులను కలిపి స్మరిస్తుంది. మూడు తేదీలూ ఒకే వారంలో పడటం కాకతాళీయమే.

మన దేశం సొంతంగా మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లాల పేర్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. మనుషులతో ఎగిరేది శ్రీహరికోట నుంచే. తప్పించుకునే వ్యవస్థను 2023 అక్టోబరు 21న అక్కడే పరీక్షించారు. కొలంబియాలాంటి చెడ్డ రోజే వస్తే వార్త ముందు ఎవరికి చేరాలి, ఎవరు చెప్పాలి అనేది ప్రయోగానికి ముందే కాగితం మీద ఉండాలి. విచారణ బోర్డు ఇస్రో కింద ఉంటుందా, బయట ఉంటుందా అన్నదీ ముందే తేలాలి. కొలంబియా బోర్డు స్వతంత్రత మీద అనుమానాలు రావడంతో దాని నిబంధనలను మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. పులికాట్ నుంచి నెల్లూరు తీరం దాకా జాలర్లకు తెలుగులో, అవతలివైపు తమిళంలో చెప్పాల్సినవి కూడా ఉన్నాయి: సముద్రంలో తేలే ముక్క కనిపిస్తే వలలోకి లాగకండి, తాకకండి, రాకెట్‌లోని వికాస్ ఇంజిన్ ఇంధనం విషం, గాలి మీ వైపునుంచి ముక్క వైపు వీచేలా దూరంగా ఉండండి, జీపీఎస్‌లో చోటు గుర్తుపెట్టుకుని ఫలానా నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ప్రయోగం రోజున ప్రతి పడవలోనూ ఉండాలి.